మన దేహమందలి కీళ్లు

'కీలెరిగి వాత పెట్టవలెను' అని తెలుగు సామెత. ఏ పనికైనను దాని మర్మము తెలిసి పూనుకొనవలెనని దీని తాత్పర్యము. పశువునకైనను మనిషికైనను నొప్పి వచ్చినప్పుడు కాల్చిన కడ్డీతో వాత వేయు ఆచారము మన పల్లెలలో ఒకప్పుడు మెండుగా ఉండెడిది. ఎముకకు ఎముక ఎచ్చట కూడుచున్నదో ఎరుగనివాడు వాత పెట్టినచో నొప్పి అట్లే నిలుచును, పుండు మాత్రము అదనముగా మిగులును. వాతలను వైద్యశాస్త్రము త్రోసిపుచ్చినది. కీలెరుగుమన్న మాటను మాత్రము మరింత గట్టిగా చెప్పుచున్నది. ఆ కీళ్లను గూర్చియే నేడు మనము ముచ్చటించుకొందము.

పెరిగిన మనిషి శరీరమున 206 ఎముకలు కలవు. రెండుగాని అంతకు మించిగాని ఎముకలు కలియు చోటు కీలు, శాస్త్రభాషలో సంధి. ఎముక తనంతట వంగజాలదు. కండరము లాగగా ఎముక కదలును. ఆ కదలిక ఎటు సాగవలెనో, ఎంతవరకు సాగవలెనో నిర్ణయించునది కీలు. అనగా కీలునకు రెండు బాధ్యతలు: కదలనిచ్చుట, కట్టడి చేయుట. ఈ రెండును ఒకదానితో నొకటి సులభముగా పొసగవు. ఎక్కువ కదలు కీలునకు పట్టు తక్కువ; పట్టు గల కీలునకు కదలిక తక్కువ. శరీరములోని ప్రతి కీలును తన పనికి తగినట్లు ఈ రెండింటి నడుమ ఒక ఒడంబడిక చేసికొన్నది. ఈ సూత్రమును జ్ఞప్తియందుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

కీళ్ల పనిని కన్నులార చూడదలచినవారు వరంగల్లు పాతపేటలలో మగ్గము ముందు ఒక గడియ నిలిచిన చాలును. మట్టెవాడ అట్టి పాతపేట. దానికి చేరువనున్న కొత్తవాడ జంపఖానాల నేతకు పెట్టినది పేరు. వరంగల్లు తివాచీలు 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున నిలిచినవి. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. మగ్గము ముందు కూర్చున్న నేతగాని మెడ, భుజము, మోచేయి, మణికట్టు, వ్రేళ్లు, నడుము, తుంటి, మోకాలు, చీలమండ అన్నియు ఏకకాలమున పనిచేయుచుండును. శరీరశాస్త్ర గ్రంథము పెక్కు పుటలలో చెప్పునది అచ్చట ఒక మూర జంపఖానా నేయులోపల కనబడును. కనుక ఈ ప్రసంగమున నేతగానినే ఉదాహరణముగా గైకొందుము.

కీళ్లను లెక్కించి, జాతులుగా విభజించు ప్రయత్నము మన దేశమున మిక్కిలి ప్రాచీనము. సుశ్రుత సంహితలో సంధులు 210 అని చెప్పబడినవి: కాళ్లు చేతులయందు 68, మొండెమునందు 59, మెడయు దానిపై భాగమునందు 83. వానిని మొదట కదలునవి, కదలనివి అని రెండుగా పంచి, పిదప ఆకారమును బట్టి ఎనిమిది విధములుగా వివరించిరి. వ్రేళ్లు, మోచేయి, మోకాలు మొదలైనవి ఒక జాతి. రోలు వంటి గుంటలో కుదిరినవి మరియొక జాతి, వానికి ఉలూఖల సంధులని పేరు. కపాలపు ఎముకలు కుట్టుపనివలె కలియుటచే వానిని తున్నసేవని అనిరి. దవడ కీలునకు కాకిముక్కు పోలికను బట్టి వాయసతుండమని పేరిడిరి. కీలులోని జిగురు, ఇరుసునకు పూసిన చమురు చక్రమును సాఫీగా తిరుగనిచ్చునట్లు, కీలును నడపుచున్నదనియు చెప్పిరి. లెక్కలోను, కొన్ని చోట్ల జాతులలోను నేటి శాస్త్రము వేరుపడినను, రోలు, కుట్టు, ఇరుసు అను మూడు పోలికలు నేటికిని చెక్కుచెదరలేదు.

ఆధునిక శాస్త్రము కీళ్లను వాని నడుమ నున్న పదార్థమును బట్టి మూడుగా విభజించుచున్నది. మొదటివి నారకణజాలముతో బంధింపబడినవి. ఇవి కదలవు, లేదా మిక్కిలి స్వల్పముగా కదలును. కపాలపు కుట్లు ఇట్టివే. అప్పుడే పుట్టిన శిశువునకు ఈ కుట్లు ఇంకను బిగిసియుండవు. కాన్పు సమయమున తలయెముకలు ఒకదానిపై నొకటి కొంత ఎక్కి, ఇరుకు దారిలో తల బయటపడుటకు వీలు కల్పించును. బిడ్డ నడినెత్తిన మెత్తగా కొట్టుకొను మాడు ఆ ఎముకల నడుమ మిగిలిన ఖాళీయే. అది సాధారణముగా ఏడాదిన్నర వయస్సు నాటికి పూడిపోవును. పంటికిని దవడ ఎముకకును గల పట్టు కూడ ఈ జాతిలోనిదే.

రెండవ జాతివారి నడుమ మృదులాస్థి ఉండును. వెన్నుపూసల నడుమ నున్న బిళ్లలు వీనిలో ముఖ్యములు. మెడ మొదలు నడుము దిగువ వరకు ఇట్టి బిళ్లలు 23 కలవు. ఒక్కొక్క పూస తన పొరుగు పూసపై కదలునది కొంచెమే. ఆ కొంచెములన్నియు కూడగా మనము వంగి నేలను తాకగలుగుచున్నాము. పగలంతయు బరువు మోసి ఈ బిళ్లలలోని నీరు కొంత తగ్గును. రాత్రి పరుండినప్పుడు మరల నిండును. అందువలననే ప్రొద్దున లేచినప్పటి ఎత్తు కంటె సాయంకాలపు ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తక్కువగా ఉండును. పిల్లల పొడుగు ఎముకల చివరల పెరుగుదల పలకలు కూడ ఈ జాతిలోనివే. పిల్లవాడు పడి మోకాలి వద్దనో మణికట్టు వద్దనో దెబ్బ తగిలించుకొన్నప్పుడు 'బెణికినది, అదే పోవును' అని ఊరకుండరాదు. ఆ పలక చెదరినచో ఆ ఎముక పెరుగుదలయే వంకరపోవచ్చును. ఎక్స్‌రే తీయించి చూచుకొనుట మేలు.

మూడవ జాతి కీళ్లే మనము వాడుకలో కీళ్లనునవి. ఇవి స్వేచ్ఛగా కదలునవి. వీని నిర్మాణము చక్కగా గమనింపదగినది. ఎముకల కొనలపై నున్నని మృదులాస్థి పూత ఉండును. రెండు కొనలను చుట్టి ఒక సంచి ఉండును. సంచి లోపలి పొర సైనోవియల్ పొర. అది గ్రుడ్డులోని తెల్లసొనవంటి జిగట ద్రవమును స్రవింపజేయును. మోకాలు వంటి పెద్ద కీలులో సైతము ఆరోగ్యదశలో ఈ ద్రవము ఒక చెంచాకు మించదు. సంచి వెలుపల ఎముక నుండి ఎముకకు గట్టి పట్టీలు బిగిసియుండును; ఇవి సంధిబంధనములు. వానిపై కండరములు, వాని కొనల నుండి ఎముకకు అంటుకొను నరములవంటి త్రాళ్లు కాపలా కాయుచుండును.

ఇందులో మృదులాస్థి సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. దానికి రక్తనాళములు లేవు, నొప్పిని తెలుపు నాడులును లేవు. ఆహారమంతయు ఆ జిగట ద్రవము నుండియే అందవలెను. కీలుపై బరువు పడినప్పుడు తడిగుడ్డను పిండినట్లు మృదులాస్థిలోని ద్రవము బయటికి వచ్చును; బరువు తొలగినప్పుడు క్రొత్త ద్రవము లోనికి పోవును. అనగా కదలికయే దానికి అన్నము. కదలక ఉంచిన కీలు బలహీనపడుటకు ఇదియే కారణము. నాడులు లేకపోవుటచే మరియొక చిక్కు కలదు. మృదులాస్థి అరుగుచున్నను మనకు తెలియదు. అరుగుదల ఎముక వరకు పోయి, చుట్టునున్న పొర వాచినప్పుడు గాని నొప్పి పుట్టదు. నొప్పి తెలియునప్పటికి చాల భాగము ఖర్చైపోయి యుండును.

కదలు కీళ్లు ఆరు తీరులు. మన నేతగాని చెంతకు పోవుదము. పేకను దగ్గరకు కొట్టునప్పుడు అతని మోచేయి ముడుచుకొని చాచుకొనును. తలుపు రెక్క బందుపై తిరుగునట్లు ఇది ఒకే దిక్కున కదలును. దీనిని మడతబందు కీలందురు. వ్రేళ్ల కణుపులును ఇట్టివే. అంచు సరిచూచుకొనుటకు తల ప్రక్కకు త్రిప్పినచో పనిచేయునది బొంగరపు కీలు. తిరుగలిలో నడిమి కొయ్య చుట్టు పైరాయి తిరుగునట్లు, మెడలోని రెండవ పూస కొనచుట్టు మొదటి పూస తిరుగును. 'కాదు' అని తల అడ్డముగా ఊపుట ఈ కీలు పని. 'అవును' అని తల ఆడించుట దానిపై కీలు పని. కపాలమునకును మొదటి పూసకును నడుమనున్నది అది. ముంజేతిలోని రెండెముకల నడుమ కూడ బొంగరపు కీళ్లు కలవు. అరచేయి బోర్లించుటయు వెల్లకిల చేయుటయు వాని వలననే సాధ్యము. తాళము త్రిప్పుట, రొట్టె తిరుగవేయుట వానికి రుణపడిన పనులు.

మణికట్టు అండాకారపు కీలు. అది ముందుకు వెనుకకు, అటునిటు వంగగలదు, కాని తనంతట బొంగరమువలె తిరుగజాలదు. అరచేతిలోని చిన్న ఎముకల నడుమను, పాదములోని చిన్న ఎముకల నడుమను జారెడు కీళ్లు కలవు. ఒక పలకపై మరొక పలక జారినట్లు అవి కొద్దికొద్దిగా జారును. ఇక బొటనవ్రేలి మొదటనున్నది జీను వంటి కీలు. గుర్రపు జీనుపై రౌతు ముందుకు వెనుకకు ఊగగలడు, ప్రక్కలకును ఒరుగగలడు; అట్లే బొటనవ్రేలు తక్కిన నాలుగు వ్రేళ్లకును ఎదురు నిలిచి వాని కొనలను తాకగలదు. తివాచీలో ముడి వేయునది ఈ కీలే. సూదిలో దారము గ్రుచ్చుట, కలము పట్టుట, అన్నము ముద్ద చేయుట అన్నియు దీని ప్రసాదములే. మానవ హస్తమునకు గల నేర్పులో పెద్ద పాలు ఈ చిన్న కీలుది.

ఆరవది బంతిగిన్నె కీలు. భుజము, తుంటి ఈ జాతికి చెందినవి. ఇవి అన్ని దిక్కుల కదలును. మొదట మేము చెప్పిన ఒడంబడిక ఇచ్చట స్పష్టముగా కనబడును. తుంటిలో బంతి లోతైన గిన్నెలో కుదురుకొని, బలమైన బంధనములతో కట్టుబడి యుండును. మనిషి బరువు మోయవలసినది అదియే కదా. భుజములో గిన్నె లోతు చాలదు. పెద్ద బంతిని చిన్న మూకుటిపై నిలిపినట్లుండును. అందుచే చేయి ఆకాశమునకెత్తవచ్చును, వీపు గోకుకొనవచ్చును, నాడె విసరవచ్చును. అందుచేతనే పెద్ద కీళ్లలో ఎల్లవానికంటె ఎక్కువగా తప్పిపోవునదియు భుజమే. తప్పిన భుజమును తెలియనివారు పట్టి లాగినచో దగ్గరనున్న నాడులు, రక్తనాళములు తెగవచ్చును, ఎముక విరుగవచ్చును. చేతిని గుడ్డతో మెడకు కట్టి, కదలనీయక, ఆసుపత్రికి పోవుట ఒక్కటే మార్గము. మట్టెవాడవారికి మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి చేరువలోనే కలదు. 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్య కళాశాలకు అది బోధనాసుపత్రి.

మోకాలును గూర్చి రెండు మాటలు. అది మడతబందు కీలేయైనను అచ్చముగా తలుపు బందు వంటిది కాదు. తొడయెముకకును పిక్కయెముకకును నడుమ నెలవంక ఆకారపు మెత్తలు రెండు కలవు. లోపల కత్తెరవలె అడ్డముగా పోవు రెండు బంధనములు ఎముకలు ముందు వెనుకలకు జారకుండ ఆపును. మనము నిటారుగా నిలిచినప్పుడు తొడయెముక చివరి ఘడియలో కొద్దిగా మెలితిరిగి తాళము పడును. అందువలన చాలసేపు నిలిచినను తొడకండరములు అంతగా అలయవు. నడచునప్పుడు మోకాలిపై పడు భారము శరీరపు బరువునకు రెండు మూడింతలు ఉండును. మెట్లెక్కునప్పుడు ఇంకను హెచ్చును. శరీరమున పెరిగిన ప్రతి కిలో బరువును మోకాలు వడ్డీతో సహా మోయుచున్నదని గ్రహింపవలెను.

ఈ కీళ్ల కదలికలకు శాస్త్రములో ప్రత్యేక నామములు కలవు గాని, వాని సారము వాడుక మాటలలోనే చెప్పవచ్చును: ముడుచుట, చాచుట, దేహము నుండి దూరము చేయుట, దగ్గరకు తెచ్చుట, ఉన్నచోటనే తిరుగుట, చక్రాకారముగా త్రిప్పుట. ఓరుగల్లు నేలిన కాకతీయుల కాలముననే ఈ కదలికలను శ్రద్ధతో పరిశీలించినవా రుండిరి. గణపతిదేవ చక్రవర్తి కొలువున గజసాహిణియైన జాయపసేనాని 13వ శతాబ్దిలో సంస్కృతమున నృత్తరత్నావళిని రచించెను. అందు శిరస్సు, చేతులు, పార్శ్వములు, నడుము, పాదములు ఎట్లెట్లు కదలవలెనో వివరింపబడినది. 1213 నాటి పాలంపేట రామప్ప దేవాలయపు మదనికా శిల్పములలో మెడ, నడుము, మోకాలు వంగిన ఒయ్యారము కూడ కీళ్ల జ్ఞానమునకు సాక్ష్యమే. ఆ ఆలయము 2021లో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినది.

ఇక కీళ్లకు వచ్చు కష్టములు. సామాన్యముగా కనబడునది అరుగుదల. వయస్సు మళ్లినకొలది, బరువు హెచ్చినకొలది మోకాలు, తుంటి, వ్రేళ్ల కీళ్లు అరుగును. పనిచేసిన పిదప నొప్పి పెరుగును, విశ్రాంతితో తగ్గును. తొడకండరములకు బలము చేకూర్చు వ్యాయామము, బరువు తగ్గుట దీనికి మొదటి చికిత్సలు. మిక్కిలి ముదిరినచో కీలును మార్చు శస్త్రచికిత్స కలదు. నేటి తుంటి మార్పిడికి బాటవేసినవాడు ఆంగ్ల వైద్యుడు జాన్ చార్న్లీ. 1962 నుండి ఆయన వాడిన లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెల పద్ధతి లోకమంతట వ్యాపించినది.

రెండవది కీళ్లవాతము. ఇందులో శరీరపు రక్షణశక్తియే దారితప్పి కీలు లోపలి పొరపై దాడిచేయును. రెండు చేతుల చిన్న కీళ్లు ఒక్కమారే వాచుట, ప్రొద్దున లేవగానే అరగంటకు మించి బిగిసియుండుట దీని గురుతులు. ఇది పురుషులకంటె స్త్రీలకు ఎక్కువ. ఇంటిపని వలన వచ్చిన నొప్పియని ఆమెయు, ఇంటివారును నెలల తరబడి ఉపేక్షించుట మన ఇండ్లలో తరచు జరుగుచున్నది. ఆలోపల కీళ్లు వంకరపోవును. పోయినవి తిరిగి రావు. ఈ వ్యాధికి నేడు వాడు ప్రధానమైన మందు మెథోట్రెక్సేట్. దాని పుట్టుకలో ఒక తెలుగువాని చేయి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే పరిశోధనాలయమునకు నాయకత్వము వహించుచుండగా 1940 దశకమున ఆ మందు రూపొందినది. మొదట అది రక్తపు క్యాన్సరునకై ఉద్దేశింపబడినది. ఆయన 1948లో గతించెను. 1988లో అమెరికా ప్రభుత్వము దానిని కీళ్లవాతమునకు అనుమతించినది. ఒక హెచ్చరిక: ఈ వ్యాధికి ఆ మందును వారమునకు ఒక్కమారే తీసికొనవలెను. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. ఇంట నెవరైన వాడుచున్నచో ఆ వారమును గోడపై వ్రాసిపెట్టుకొనుడు.

మూడవది మన తెలుగు నేలను చిరకాలము పీడించినది. భూగర్భజలములో ఫ్లోరైడు మితిమీరిన చోట అది ఎముకలలో చేరి, కీళ్లచుట్టు నుండు బంధనములను సున్నమువలె గట్టిపరచును. వెన్ను కర్రవలె బిగిసిపోవును, మెడ తిరుగదు. 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుండి ఈ వ్యాధిని గూర్చి వైద్యులు ప్రకటించిరి. పిమ్మట నల్లగొండ ప్రాంతము దీనికి ప్రసిద్ధికెక్కినది. 1970 దశకమున జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అచ్చటి పిల్లల మోకాళ్లు ఒకదానికొకటి తాకునట్లు వంకరపోవుటకు ఈ నీటితో గల సంబంధమును వెల్లడించిరి. పటిక, సున్నములతో నీటిని శుభ్రపరచు విధానమునకు 'నల్లగొండ పద్ధతి' యని పేరు నిలిచినది. ఈ వ్యాధి కలిగిన పిదప కీలును మరల మెత్తపరచు మందు లేదు. నివారణయే చికిత్స. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదు. సొంత బోరు నీరు త్రాగువారు తప్పక పరీక్ష చేయించుకొనవలెను.

తుదకు మగ్గము చెంతకు మరల వచ్చుదము. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుండుట, మెడ వంచియే ఉంచుట, ఒకే చేతి ఊపును వేలసార్లు చేయుట నేతగాని కీళ్లకు పన్ను వంటివి. బీడీలు చుట్టు తల్లికిని, కుట్టుపని చేయువానికిని, కార్యాలయపు కంప్యూటరు ముందు కూర్చున్న గుమాస్తాకును ఇదే గతి. అరగంటకొకమారు లేచి, మెడను మెల్లగా అటునిటు త్రిప్పి, భుజములను చుట్టి, మోకాళ్లు చాచి నాలుగడుగులు నడచినచో ఆ జిగట ద్రవము మృదులాస్థికి అందును. పీట కొంచెమెత్తు చేసికొనుట, వెలుతురు చాలునట్లు చూచుకొనుట ఖర్చులేని మేళ్లు. మోకాళ్లు నొచ్చువారు బాసిపట్లు వేసికొని, గొంతుకూర్చుండి పనిచేయుట తగ్గించుకొనవలెను. పేరు తెలియని పొడులను, మాత్రలను నమ్మరాదు. అట్టి వానిలో స్టీరాయిడ్లు కలిపి అమ్ముటయు కద్దు. అవి నాలుగు దినములు హాయినిచ్చి, పిదప ఎముకలనే గుల్లచేయును.

వాచిన కీలు, వేడిగా ఎర్రబడిన కీలు, జ్వరముతో కూడిన కీలునొప్పి, దెబ్బ తగిలి బరువు ఆనని కాలు — ఈ నాలుగింటిలో ఏది కనబడినను మరునాటి వరకు ఆగక వైద్యుని చూడవలెను. తక్కిన దినములలో కీలు కోరునది కొంత కదలిక, కొంత విశ్రాంతి, మోయదగినంత బరువు. ఈ మూడును ఎవరికి వారు సమకూర్చుకొనదగినవే.